ఇరవై మూడో నంబరు ట్యాబ్

ఇల్లు, వంటగది బల్ల దగ్గర
జూలై 4

చిట్టీ,

మొన్న ఫోన్ ముందు పెట్టేసింది నువ్వా నేనా అన్నది ఇంకా తేలలేదు. ఇద్దరం ఒకేసారి పెట్టేశామని మీ బావ తీర్పు చెప్పారు. మనకి ఫోన్ అచ్చిరాదే. నువ్వు మాట్లాడుతుంటే నేనూ మాట్లాడతాను, నేను మాట్లాడుతుంటే నువ్వూ మాట్లాడతావు, వినే మనిషి ఉండదు. ఉత్తరంలో అయితే అడ్డు తగలడానికి వీల్లేదు కదా! అందుకే కాగితం తీశాను. నువ్వు కూడా కాగితం మీదే జవాబివ్వు.

మీ ఆఫీసు వాళ్ళు పంపిన ట్యాబ్‌లు వచ్చేశాయి. నా ఐదో తరగతికి ముప్ఫై ఆరు, ఒక్కో దాని వెనక ఒక్కో నంబరు. మా పెద్దమేడం (హెడ్మిస్ట్రెస్‌ని మేమంతా అలాగే అంటాం) వాటిని పసిబిడ్డల్ని దించినట్టు వ్యాన్‌లోంచి దింపించింది. నా గది కిటికీకి అద్దం లేదని రెండేళ్ళుగా మొత్తుకుంటున్నాను, అది రాలేదు. ఇవి మాత్రం అడక్కుండానే వచ్చాయి.

ఎక్కడికి వెళ్ళినా ఇదే గొడవ. పొద్దున రేడియో పెడితే ఇదే. బస్సెక్కితే ఇదే. మీ బావ పనిచేసే బస్సుల షెడ్డులో మెకానిక్‌లు రెండు జట్లయిపోయి, ఒక జట్టు వాళ్ళు రెండో జట్టు వాళ్ళకి నట్లు బిగించే పానాలు అందివ్వడం లేదట. పిల్లల చేతికి లోకాన్నే ఇస్తున్నారని ఒకళ్ళు, పిల్లల చేతిలోంచి పుస్తకం లాక్కుంటున్నారని ఇంకొకళ్ళు. టీచర్లని మాత్రం ఎవరూ అడగరు.

నన్ను అడిగితే చెప్తాను. ఇరవై రెండేళ్ళుగా పాఠం చెప్తున్నాను. తరగతిలో ఏ మూల కూర్చున్న పిల్లకి పాఠం ఎక్కలేదో, బోర్డు వైపు తిరిగి రాస్తూ కూడా చెప్పగలను. ఆ పలక ముక్క చెప్పగలదా? పిల్లలకి కావాల్సింది పక్కన మనిషి. ఇది నా మాట. నీ ఉద్యోగం నీది, నా తరగతి నాది. రెంటినీ కలపకు.

నీ అక్క


ఆఫీసు, మూడో అంతస్తు
జూలై 15

అక్కా,

ఫోన్ ముందు పెట్టేసింది నువ్వే. బావగారికి నువ్వంటే భయం.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అడ్డు తగిలే వీలు లేక చెయ్యి కొరుక్కున్నాను కూడా. నా పని నీకు సరిగ్గా అర్థమైనట్టు లేదు. నేను ట్యాబ్‌లు అమ్మేదాన్ని కాదు. పన్నెండు బళ్ళలో వీటిని ఒక ఏడాది వాడి చూస్తున్నారు. మొదట్లో ఒకసారి, మూడు నెలలకి ఒకసారి పిల్లలందరికీ చదవడం మీద పరీక్ష పెడతాం. ఎంత తేడా వచ్చిందో లెక్క తీసి నివేదిక రాయడం నా పని. దాన్ని చూసి అన్ని బళ్ళకీ ఇవ్వాలా వద్దా అన్నది పెద్ద కమిటీ తేలుస్తుంది. మంచి జరిగితే మంచని, చెడు జరిగితే చెడని రాస్తాను.

కానీ నాకు నమ్మకం ఉందన్నది దాచను. నాలుగో తరగతిలో నేను ఏడాదంతా నోరు విప్పలేదు, గుర్తుందా? అర్థం కాలేదని చెయ్యెత్తితే నవ్వుతారని భయం. ఇంటికొచ్చి నిన్ను అడిగేదాన్ని. మొదటిసారి బాగానే చెప్పేదానివి. రెండోసారికి నీ గొంతు పెరిగేది. మూడోసారికి నా జడ నీ చేతిలో ఉండేది. యంత్రానికి విసుగు రాదక్కా. పదోసారి అడిగినా జడ పట్టుకోదు. అలాంటి పిల్ల నీ తరగతిలో ఒక్కతి ఉన్నా ఇది పనికొచ్చినట్టే కదా?

ఒక్క మాట ఇవ్వు. మూడు నెలలు నిజాయితీగా వాడి చూడు. ఆ తరవాత నన్ను ఎంత తిట్టినా పడతాను.

ఇంకో సంగతి. నువ్వు నా అక్కవని ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. చెబితే మీ బడిని జాబితాలోంచి తీసేస్తారు. నువ్వూ ఎక్కడా అనకు.

నీ చెల్లి


బడి, టీచర్ల గది
సెప్టెంబర్ 9

చిట్టీ,

ఆలస్యమైంది, పని ఎక్కువగా ఉంది.

ట్యాబ్‌లు వాడుతున్నాం, రోజూ. మీ ఫారం శుక్రవారం శుక్రవారం నింపి పంపుతున్నాను, అందుతూనే ఉంటుంది. పిల్లలు బాగానే ఉన్నారు. చెప్పుకోవడానికి ఇబ్బందులేమీ లేవు.

మొన్న తల్లిదండ్రుల సమావేశం జరిగింది. అరగంటలో ముగుస్తుందన్నది మూడు గంటలు సాగింది. ఒకావిడ లేచి, మా వాడు ఇంట్లో ఫోన్ వదలడు, బడిలోనైనా వాడి కళ్ళకి విశ్రాంతి ఇవ్వండని చేతులెత్తి దండం పెట్టింది. వెంటనే ఇళ్ళకి రంగులు వేసే ఆయన లేచాడు. గోళ్ళలో ఇంకా నీలం రంగు ఉంది. "మీ ఇంట్లో ఉంది కాబట్టి వద్దంటున్నావమ్మా. మా ఇంట్లో లేదు. మా అమ్మాయి బడిలో తప్ప ఇంకెక్కడ ముట్టుకుంటుంది?" అన్నాడు. ఆ తరవాత ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. పెద్దమేడం గంట కొట్టించి అందర్నీ పంపేసింది.

నాకు ఈ మధ్య కుదురుగా కూర్చోబుద్ధి కావడం లేదు. పాఠం చెప్తూ చెప్తూ తలుపు దాకా వెళ్ళి వస్తున్నాను. బడిలో ఉంటే ఇంటికి పోవాలనిపిస్తోంది, ఇంటికొస్తే బడిలో ఏదో మరిచిపోయినట్టు అనిపిస్తోంది. వయసు కాబోలు.

మీ పరీక్ష ఎప్పుడు?

నీ అక్క


ఆఫీసు, మూడో అంతస్తు
అక్టోబర్ 21

అక్కా!

కూర్చున్నావా? కూర్చుని చదువు.

మూడు నెలల పరీక్ష ఫలితాలు వచ్చాయి. పన్నెండు బళ్ళు, నలభై తరగతులు. చాలాచోట్ల తేడా అంతంతమాత్రమే. రెండు మూడు చోట్ల తగ్గింది కూడా. కానీ ఒక తరగతి మాత్రం మిగతా వాటిని ఆమడ దూరంలో వదిలేసింది. ఏ తరగతో చెప్పుకో!

నీదే. నీ ముప్ఫై ఆరుగురూ!

కాగితం నా చేతిలో ఉండగా డైరెక్టర్ గారు నా భుజం మీంచి తొంగి చూశారు. "ఎవరీ టీచర్? ఈవిడే మనకి కావాల్సింది" అన్నారు. నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళ వంకతో బయటికి పారిపోయాను. ఈవిడేనండీ, జూలైలో నన్ను ఉత్తరంలో ఉతికి ఆరేసిన ఈవిడే అని అరవాలనిపించింది.

నవంబర్ 28న పెద్ద బహిరంగ చర్చ పెడుతున్నారు. కమిటీ వాళ్ళు, తల్లిదండ్రులు, పత్రికల వాళ్ళు అందరూ వస్తారు. దాంట్లో నీ చేత మాట్లాడించాలని డైరెక్టర్ గారి పట్టుదల. పెద్దమేడం పేర ఉత్తరం వస్తుంది. వ్యతిరేకించిన టీచరే వాడి చూసి మనసు మార్చుకుందంటే అంతకన్నా ఏం కావాలి?

ఇప్పుడు ఒప్పుకో. ఒక్క లైను రాయి చాలు. చట్రం కట్టించి గోడకి పెట్టుకుంటాను.

నీ చెల్లి


ఇల్లు
అక్టోబర్ 26

చిట్టీ,

పిల్లలు బాగా చదివారంటే సంతోషం.

సభకి నేను రాను. నాకు వేదికలెక్కడం అలవాటు లేదు. ఇంకో బడి వాళ్ళని ఎవరినైనా పిలవమను. ఈ విషయంలో బలవంతపెట్టకు.

నీ అక్క


ఆఫీసు, మూడో అంతస్తు
నవంబర్ 7

అక్కా,

నీ నాలుగు లైన్ల ఉత్తరం నాకు మింగుడుపడలేదు. మా అక్క ఏదైనా గెలిస్తే నాలుగు పేజీలు రాస్తుంది. నాలుగు లైన్లు రాసిందంటే ఏదో ఉంది.

ప్రతి ట్యాబ్ తనని ఎప్పుడు తెరిచారో, ఏ పేజీ ఎంతసేపు చూశారో తనలోనే రాసిపెట్టుకుంటుంది. ఈ సంగతి ఫారం వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. నువ్వు చదివి ఉండవు. నీ తరగతి వివరాలు తెప్పించుకుని చూశాను. నీ పద్ధతేమిటో తెలుసుకుని మిగతా బళ్ళకి చెప్దామని, అంతే.

ముప్ఫై అయిదు ట్యాబ్‌లు రోజూ పొద్దున తొమ్మిదిన్నరకి తెరుచుకుంటాయి. తొమ్మిదీ ముప్ఫై నాలుగుకి మూతపడతాయి. మొదటి రెండు రోజులు మినహాయిస్తే, జూలై నుంచి అక్టోబర్ దాకా ఒక్క రోజు కూడా తప్పలేదు. నువ్వేమో రోజుకి రెండు పీరియడ్లు వాడామని సంతకం పెట్టావు. పదహారు ఫారాలు, పదహారు సంతకాలు. నీ సంతకం నాకు తెలుసు. చిన్నప్పుడు నా ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న బదులు పెట్టింది నువ్వే కదా.

కాగితం చూడగానే, ఎవరైనా వెనకనుంచి చూస్తున్నారేమోనని తిరగేసి పెట్టాను. అప్పటినుంచి కాలు కాలిన పిల్లిలా వరండాలో తిరుగుతున్నాను.

అన్నిటికన్నా నాకు అర్థం కానిది ఇంకొకటి. ఒక్క ట్యాబ్ మాత్రం ఆగస్టు మొదటివారం నుంచీ రోజూ గంటసేపు తెరిచి ఉంటోంది. ఒక్కోరోజు రెండు గంటలు.

ఇరవై మూడో నంబరు ఎవరిది?

నీ చెల్లి


ఇల్లు, వంటగది బల్ల దగ్గర
నవంబర్ 11

చిట్టీ,

నీ ఉత్తరం తలుపు దగ్గర నిలబడే చదివాను. మీ బావ "ఏమైంది?" అన్నారు. "చెల్లి బాగానే ఉంది" అన్నాను. నిన్నటిదాకా ఆయనకీ చెప్పలేదు.

నిజమే. తొమ్మిదిన్నరకి పిల్లల చేత తెరిపించి, హాజరు నొక్కించి, మళ్ళీ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాను. వాడాలని రెండు రోజులు ప్రయత్నించాను. ముప్ఫై ఆరు తలలు కిందికి వంగిపోయి, గదిలో నేనున్నానో లేనో ఎవరికీ పట్టకపోతే నాకు ఊపిరాడలేదు. మూడోరోజు తాళం వేశాను. ఆ రెండు పీరియడ్లూ పిల్లల్ని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి, కథల పుస్తకాలు పైకి చదివించాను. ఒకళ్ళు చదువుతుంటే ఇంకొకళ్ళు వినడం, తప్పు పట్టుకోవడం. నేను చేసింది అంతే. వద్దని మొహం మీద చెప్పే ధైర్యం లేక ఫారాల మీద సంతకాలు పెట్టాను. ఆడిన మాట తప్పానని నీకు చెప్పలేకపోయాను. ఇంకేం రాయను?

ఇక ఇరవై మూడో నంబరు సంగతి.

నా తరగతిలో చివరి బెంచీలో ఒక పిల్ల ఉంది. నాలుగో తరగతిలోనూ నా దగ్గరే చదివింది. ఏది రాయమన్నా అందరికన్నా ఆలస్యం. బోర్డు మీద ఉన్నది సగం దింపుకునేసరికి నేను చెరిపేసేదాన్ని. ఒకరోజు విసుగొచ్చి "ఏమ్మా నిదానం, ఇంకా కాలేదా?" అన్నాను. పిల్లలు పట్టుకున్నారు. ఇప్పుడు బడంతా దాన్ని నిదానం అనే పిలుస్తారు. పేరు పెట్టింది నేనే.

ఆగస్టులో ఒకరోజు లెక్క చూస్తే బీరువాలో ముప్ఫై అయిదే ఉన్నాయి. వెతుక్కుంటూ పోతే మెట్ల కింద ఈ పిల్ల కనపడింది. ట్యాబ్‌ని ముక్కుకి ఆనించుకుని కూర్చుంది. కేకేద్దామని నోరు తెరిచి ఆగిపోయాను. చిట్టీ, అది చదువుతోంది. కథ, పైకి, గడగడా. ఏడాదిన్నరలో నేను ఆ గొంతు అలా వినలేదు. వంగి చూస్తే తెర మీద నాలుగంటే నాలుగే మాటలున్నాయి. ఒక్కో అక్షరం నా బొటనవేలంత.

"ఇదేమిటే?" అన్నాను.

బిక్కచచ్చిపోయి లేచి నిలబడింది. "ఇందులో రెండు వేళ్ళతో లాగితే అక్షరాలు పెద్దవవుతాయి టీచర్. బోర్డు మీద అట్లా అవ్వవు కదా" అంది.

బోర్డు దానికి కనపడదు. పుస్తకం కూడా సరిగ్గా కనపడదు. ఏడాదిన్నర నా కళ్ళ ముందే కూర్చుంది. నేను మొద్దు అనుకున్నాను.

ఆ రోజు నుంచీ దాని ట్యాబ్ దాని దగ్గరే ఉంచాను. ఇదీ సంగతి. ఇప్పుడు నువ్వేం చెయ్యాలనుకుంటే అది చెయ్యి.

నీ అక్క


బస, కిటికీ పక్కన
నవంబర్ 14

అక్కా,

నీకు ఒకే ప్రశ్న. మిగతావన్నీ తరవాత.

ఆగస్టులో తెలిసింది. ఇది నవంబర్. ఆ పిల్లని కంటి డాక్టర్‌కి చూపించారా? వాళ్ళమ్మకి చెప్పావా? నీ ఉత్తరం మూడుసార్లు వెతికాను, ఆ మాట ఎక్కడా లేదు.

నిన్ను నిలదీసే అర్హత నాకేమీ లేదు. నీ తరగతి వివరాలు చేతికొచ్చి రెండు వారాలైంది. మొన్నటిదాకా సొరుగులోనే పెట్టి ఉంచాను. అక్క పరువు అని నాకు నేను చెప్పుకున్నాను. అది కాదు. నీ తరగతి ఫలితం తీసేస్తే నా నివేదికలో ఏమీ మిగలదు. ట్యాబ్‌ల వల్ల చదువు పెరిగిందని చెప్పుకోవడానికి ఉన్న ఒకే ఒక్క ఆధారం నువ్వు, నువ్వేమో వాటిని బీరువాలో పెట్టావు. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

నిన్న డైరెక్టర్ గారికి ఆ వాడకం వివరాల పేజీ చూపించాను. ఎవరి తరగతో చెప్పలేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని "ఫలితాలే పెడదాం, వాడకం వివరాలు ఎందుకు? చదివేవాళ్ళు గందరగోళపడతారు" అన్నారు. చెడ్డమనిషి కాదక్కా. పిల్లలకి మంచి జరుగుతుందని నాలాగే నమ్మారు. నమ్మకం ముదిరితే మనిషి ఇలాగే కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుంటాడని భయం వేసింది. ఎందుకంటే నేను "సరేనండీ" అని బయటికొచ్చేశాను.

 ఆ పిల్ల సంగతి వెంటనే రాయి.

నీ చెల్లి


ఇల్లు
నవంబర్ 20

చిట్టీ,

చూపించలేదు. నువ్వు అడిగేదాకా చూపించలేదు.

పెద్దమేడంకి చెబితే, ఆ పిల్ల ఒక్కతే ట్యాబ్ ఎందుకు వాడుతోంది, మిగతావి ఏవి అని అడుగుతుంది. వాళ్ళమ్మకి చెబితే ఏడాదిన్నరగా ఏం చేశారని అడుగుతుంది. ఎటు తిరిగినా నా గుట్టు బయటపడుతుంది. ట్యాబ్‌లో చదువుకుంటోంది కదా, ప్రస్తుతానికి చాలులే అని రోజులు నెట్టాను. ఏ వస్తువు పిల్లలకి మనిషిని దూరం చేస్తుందని ఊరంతా చెప్పుకు తిరిగానో, ఆ వస్తువునే దాని చేతిలో పెట్టి నేను తప్పుకున్నాను.

నీ ఉత్తరం అందిన రోజే బడి అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ బట్టలు ఇస్త్రీ చేస్తుంది. గుమ్మంలోనే బల్ల. నేను చెప్తున్నంతసేపూ ఇస్త్రీ పెట్టె ఆపలేదు. చెప్పడం అయిపోయాక పెట్టె నిలబెట్టి నా వైపు చూసింది.

"ఇంట్లో కూడా తడుముకుంటది టీచర్. గ్లాసు పక్కన చెయ్యి పెట్టి గ్లాసేదంటది. బద్ధకమనుకుని రెండు తగిలించా. మీరు కూడా అదే అన్నారు కదా, నిదానమని."

ఆ మాటకి నా తల కొట్టేసినట్టయింది. ఆవిడ నన్ను తిట్టలేదు, అది కూడా చెయ్యలేదు. చొక్కా మడతపెట్టి, ఇంకోటి తీసి, "రేపు వస్తాను, ఎక్కడికి రావాలో చెప్పండి" అంది.

ముగ్గురం వెళ్ళాం. డాక్టరమ్మ అద్దాలు మార్చి మార్చి పెట్టింది. గోడ మీది అట్ట మీద పైవరస అక్షరం కూడా పిల్ల చెప్పలేకపోయింది. "ఇంత చూపుతో ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చావమ్మా?" అని పిల్లనే అడిగింది. పిల్ల మా ఇద్దరి వైపూ తిరిగింది, తప్పు తనదేమో అన్నట్టు. ఇంకా ఆలస్యమైతే ఒక కన్ను పనిచెయ్యడం మానేసేదట. అద్దాలు చేయించడానికి పది పన్నెండు రోజులు పడుతుందన్నారు.

సభకి వస్తున్నాను. డైరెక్టర్ గారికి చెప్పు, లేకపోతే మానెయ్యి. నేను మాట్లాడాల్సింది మాట్లాడతాను. నీ పేరు నా నోట రాదు.

నీ అక్క


ఆఫీసు
నవంబర్ 24

అక్కా,

నా పేరు నీ నోట రానక్కర్లేదు. నేనే చెప్పేశాను.

పొద్దున డైరెక్టర్ గారి గదికి వెళ్ళి, ఆ టీచరు మా అక్కేనని, ఆ పేజీ లేకుండా నివేదిక మీద నా సంతకం ఉండదని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తరవాత "ఈ మాట జూలైలో చెప్పాల్సింది" అన్నారు. అవును, చెప్పాల్సింది. పేజీ కమిటీకి వెళ్తోంది. నన్ను మాత్రం సభకి రావద్దన్నారు. నా కుర్చీ కూడా లెక్కల విభాగంలోంచి కింది అంతస్తుకి మార్చారు.

వెళ్ళి మాట్లాడు. మధ్యలో గొంతు పెంచకు. జరిగింది జరిగినట్టు రాయి, నేను అక్కడ ఉండను కదా.

నీ చెల్లి


ఇల్లు
నవంబర్ 30

చిట్టీ,

గొంతు పెంచలేదు. పెంచేంత ఊపిరి కూడా లేదు.

హాలు కిక్కిరిసిపోయింది. డైరెక్టర్ గారు ముందు మాట్లాడారు, ముభావంగా. నా వైపు చూడలేదు. తరవాత నన్ను పిలిచారు. కాగితం రాసుకు వెళ్ళాను గానీ అక్షరాలు కదిలిపోతుంటే మడిచి పక్కన పెట్టేశాను. బీరువా సంగతి చెప్పాను. సంతకాల సంగతి చెప్పాను. ఎవరో "వాహ్" అని చప్పట్లు కొట్టారు. ట్యాబ్‌లు వద్దనే వాళ్ళందరూ లేచి నిలబడి కొట్టారు. నాకు కేకలకన్నా ఆ చప్పట్లే భరించరానివైపోయాయి. చెయ్యి ఎత్తి ఆపి, మెట్ల కింద పిల్ల సంగతి చెప్పాను. దాని పేరు, నేను పెట్టిన పేరు, రెండూ చెప్పలేదు. ఇంకో వైపు వాళ్ళు చప్పట్లు మొదలుపెట్టారు. మూడు నెలలు ఆ పిల్ల విషయం దాచానని చెప్పాక ఆ చప్పట్లూ ఆగిపోయాయి.

అప్పుడు లేచాడు, రంగులు వేసే ఆయన. నీకు రాశాను కదా, సమావేశంలో మాట్లాడినాయన. వాళ్ళమ్మాయి నా రెండో బెంచీలో కూర్చుంటుంది.

"మా అమ్మాయికిచ్చిన వస్తువుకి తాళం వెయ్యడానికి మీరెవరు టీచర్?" అన్నాడు. "వాడించి, పనికిరాదని తేలితే తీసెయ్యండి, కాదనను. మీకు ముందే తెలిసిపోయింది. మా పిల్ల రోజూ ఇంటికొచ్చాక, ట్యాబ్ చూశారా అంటే, చూశాం నాన్నా అని చెప్తా ఉండేది. అబద్ధం చెప్పడం కూడా మీ దగ్గరే నేర్చుకుంది."

 తప్పయిందన్నాను. ఆయన కూర్చోలేదు, బయటికి వెళ్ళిపోయాడు.

ఆఖర్న కమిటీ పెద్దాయన "అవన్నీ సరేనమ్మా. ట్యాబ్ మంచిదా, చెడ్డదా? ఒక్క ముక్కలో చెప్పండి" అన్నారు.

"నాకు తెలియదండీ. ముప్ఫై అయిదు మందికి నేను ఇవ్వనే లేదు" అన్నాను.

మర్నాడు ఒక పత్రిక 'టీచర్ మోసం' అని వేసింది. ఇంకొకటి 'పుస్తకమే గెలిచింది' అని వేసింది. రెంట్లోనూ ఆ పిల్ల ఊసు లేదు. సాయంత్రం పెద్దమేడం మెమో చేతికిచ్చింది. విచారణ అయ్యేదాకా బడికి రాకూడదట. ఇరవై రెండేళ్ళలో పనిరోజున ఇంట్లో ఉండడం ఇదే మొదలు. గది నుంచి గదికి నడుస్తున్నాను. మీ బావ "కాస్త కూర్చోవే, నేల అరిగిపోతోంది" అంటున్నారు.

నీ అక్క


ఆఫీసు, కింది అంతస్తు
డిసెంబర్ 18

అక్కా,

కమిటీ నిర్ణయం వచ్చింది. రేపటి పత్రికల్లో సగమే వస్తుంది కాబట్టి మొత్తం నేను రాస్తున్నాను.

నీ తరగతిని లెక్కలోంచి కొట్టేశారు. మిగిలిన ముప్ఫై తొమ్మిదీ కలిపి చూస్తే అటూ కాదు, ఇటూ కాదు. అన్ని బళ్ళకీ ఇవ్వడం ఆపేశారు. ఉన్నవి వెనక్కి తీసుకోవడం లేదు. ఇంకో ఏడాది చూస్తారట. ఈసారి ఎప్పుడు తియ్యాలో ఎప్పుడు ముయ్యాలో టీచరే తేల్చుకోవచ్చు, కానీ చేసింది చేసినట్టు రాయాలి. రెండు జట్ల వాళ్ళూ ఓడిపోయామనే అనుకుంటున్నారు. బావగారి షెడ్డులో ఇప్పుడు ఎవరూ ఎవరికీ పానాలు అందివ్వరేమో.

ఇంకొకటి. కొత్త పరీక్ష పెట్టేముందు పిల్లల చూపు, వినికిడి పరీక్ష చెయ్యాలని ఒక పేజీ రాసి ఇచ్చాను. ఎవరూ చదవరనుకున్నాను. డైరెక్టర్ గారే కిందికి దిగి వచ్చి, తీసుకెళ్ళి కమిటీకి ఇచ్చారు. పన్నెండు బళ్ళలో పరీక్ష అయిపోయింది. చూపు సరిగ్గా లేని పిల్లలు అరవై ఒక్క మంది బయటపడ్డారు. అందరికీ టీచర్లున్నారు. అందరి దగ్గరా ట్యాబ్‌లూ ఉన్నాయి.

ఆ అంకె కూడింది నేనే. కూడి, కాసేపు పెన్ను కింద పెట్టేశాను.

నీ విచారణ ఏమైంది?

నీ చెల్లి


బడి, ఒకటో తరగతి గది
జనవరి 9

చిట్టీ,

ఉద్యోగం ఉంది. నా రికార్డులో ఒక ఎర్ర గీత పడింది. ఐదో తరగతి తీసేసి ఒకటో తరగతి ఇచ్చారు. వీళ్ళకి ముక్కులు తుడవడంతోనే సగం రోజు అయిపోతుంది. కూర్చోమంటే లేస్తారు, లేవమంటే పడుకుంటారు. నా కాళ్ళకి ఇప్పుడు తిరగడానికి ఒక కారణం దొరికింది.

ఐదో తరగతికి ఒక కుర్ర టీచర్ వచ్చింది. బీరువా తాళం తీసేసింది. రోజూ ఒక పీరియడ్ ట్యాబ్, ఒక పీరియడ్ పుస్తకాలు పైకి చదవడం. ఆ చదివించే పద్ధతి నా దగ్గరికొచ్చి అడిగి నేర్చుకుంది. వరండాలో పోతూ పోతూ కిటికీ దగ్గర ఆగుతున్నాను. వంగిన తలల్ని చూస్తే ఇప్పటికీ నాకు ఊపిరాడదు. అది మారలేదు, మారిందని నీకు రాయను. కానీ రంగులు వేసే ఆయన కూతురు నన్ను చూసి తెర ఇటు తిప్పి తను గీసిన బొమ్మ చూపించింది. లోపలికి వెళ్ళి చూశాను. బాగుంది.

ఇవాళ మధ్యాహ్నం విరామంలో నా గది గుమ్మం దగ్గర ఎవరో నిలబడ్డారు. ఎండకి ఎదురుగా ఉండి గుర్తుపట్టలేదు. లావుపాటి అద్దాలు, చెవుల వెనక తాడు. ఆ పిల్లే. అద్దాలు వచ్చాక నా కంటపడడం ఇదే మొదటిసారి. నేను బడికి రాని రోజుల్లోనే వచ్చాయట. ఆ తరవాత కూడా నా దగ్గరికి రావడానికి మొహమాటపడిందో, నేనే తప్పించుకు తిరిగానో తెలియదు.

లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి నన్ను చూస్తోంది. అంతసేపు నన్ను ఎవరూ అలా చూడలేదు. ఏం అంటుందోనని బోర్డు తుడిచే గుడ్డ చేతిలో నలుపుతూ ఉండిపోయాను.

"టీచర్, మీరు ఎప్పుడూ కోపంగా ఉంటారనుకున్నా" అంది. "గొంతు అట్లా ఉంటది కదా. మొహం అట్లా లేదు."

 ఒకటో తరగతి వాళ్ళు నా చీర కుచ్చెళ్ళు పట్టుకు లాగుతున్నారు. ఎట్టకేలకి దాన్ని పేరు పెట్టి పిలిచాను, వాళ్ళమ్మ పెట్టిన పేరు. లోపలికి రమ్మన్నాను. వచ్చి, నా బల్ల మీది పుస్తకం తీసి, మూరెడు దూరంలో పట్టుకుని, పిల్లల మధ్య కూర్చుని చదవడం మొదలుపెట్టింది.

నీ అక్క